పచ్చదారం

నీలం దారం అయిపోయింది.
పూర్ణా మార్కెట్‌కి పోయి రావాలంటే పూట గడుస్తుంది,
అందుకే చిరుగంతా పచ్చదారంతో కుడుతున్నాను.
మంగమారిపేట ఇసకలో కాళ్లు చాపుకుని
బొటనవేలికి వల తగిలించి
ఒక్కో కన్నూ ముడేస్తున్నాను.

పద్దెనిమిది బారల చిరుగు.
మా ఇంటాయనే కోసేడు.
డ్వాక్రా అప్పు ఇంకా ఐదు వాయిదాలుంది ఈ వల మీద.

తెల్లవారగట్ల అలివి లాగుతుంటే తాడు రాలేదు.
ఇటు ఇరవైమందిమి, అటు ఇరవైమంది,
మడమలు ఇసకలో దిగిపోయేయి.
"కవ్వళ్లే, కాసులమ్మా, కవ్వళ్లే!"
బండియ్య అప్పుడే లెక్క కట్టేసేడు.
నేనూ కట్టేను, అబద్ధమెందుకు,
రెండు వాయిదాలు, పిల్లదాని కళ్లజోడు.

అప్పుడు నీళ్లలోంచి చుక్కలు లేచేయి.
ముగ్గుకని పెట్టి
గీతలు కలపడం మర్చిపోయిన చుక్కలు.
బొక్కుసొర.
మా తెప్పలు రెండు చేర్చినా దానికి చాలవు.
నోరు తలుపంత, తినేది మాత్రం
కంటికి ఆనని నలుసులట.

మావగారి కాలంలో
దాని కార్జం నూనె పడవలకి పూసేవారు.
బండియ్య ఇంకో మాటన్నాడు,
"రెక్కలకే ఎంతొస్తాదో తెలుసునేటి?"
ఎవరూ జవాబు చెప్పలేదు.
తాడూ ఎవరూ వదల్లేదు.

మా ఆయన మెడలోతు నీళ్లలో నిలబడి
దాని మొప్పలు చూస్తున్నాడు.
ఐదు చీలికలు, తెరుచుకోడం, మూసుకోడం,
తెరుచుకోడం.
పోయినేడు కేజీహెచ్‌లో
వాళ్లమ్మ మంచం పక్కన ఇలాగే నిలబడ్డాడు.

నడుం దగ్గర కత్తి తీసేడు.
పదిమందీ "ఒరే, ఒరే" అన్నారు.
వల తెగిన చప్పుడు
అంత కెరటాల హోరులోనూ నాకు వినిపించింది,
అల్లినదాన్ని కదా.

అది వెంటనే పోలేదు.
వదిలేసేరని తెలీనట్టు అక్కడే ఉండిపోయింది.
తొయ్యడానికి ముందు దిగింది బండియ్యే.
తొమ్మిదిమంది భుజాలు పెట్టి
తల లోతువైపు తిప్పితే
తోక ఒక్కసారి ఆడించింది. ఇద్దరు పడ్డారు.
నీళ్లు మూసుకున్నాయి.

ఫారెస్టువాళ్లు మధ్యాహ్నం వచ్చేరు.
పొడవెంత, కొన్నదెప్పుడు, రసీదుందా?
"రసీదు లేదు బాబూ, చిరుగుంది" అన్నాను.
ఫొటో తీసుకున్నారు.
మంచి పని చేసేరమ్మా అన్నారు.
డబ్బులొస్తాయట. కాయితం పైకి వెళ్లాలట.

రాత్రి అరచేయి చూపించేడు.
దాని ఒళ్లు గరుకుకాయితం, తోలు లేచిపోయింది.
కొబ్బరినూనె రాస్తూ అడిగేను,
"మళ్లీ పడితే?"
"నువ్వు కుట్టవేటి?" అని
అటు తిరిగి పడుకున్నాడు.

కుడుతున్నాను.
ఎండకి పరిస్తే తెలుస్తోంది,
నీలం వల మధ్యన పచ్చగా
పొడుగ్గా, తోక దగ్గర సన్నంగా...
ఇంకా పన్నెండు బారలుంది.
పూర్ణా మార్కెట్‌కి బస్సు ఎన్నింటికో
పిల్లదాన్ని అడగాలి,
పచ్చదారం కూడా అయిపోవచ్చింది.