చివరి సిలిండర్

ఇక్కడ జనవరిలోనే రోళ్లు పగులుతాయి.
వెల్కమ్ ఊరి బయట, మూతపడ్డ బంగారు గనుల దిబ్బల వెనక
ట్రాక్ కాగిన పెనంలా మెరుస్తోంది.
సముద్రానికి చాలా ఎత్తున ఉన్న నేల. గాలి పల్చన,
నీళ్లు కలిపిన పాలలా.
ఇంజిన్ ఎంత పీల్చినా కడుపు నిండదు,
రేడియేటర్‌కి ఎంత తగిలినా ఒళ్లు చల్లబడదు.

మూడో రౌండుకే ఆవిరి కక్కుతూ తిరిగొచ్చింది
అన్నెకె టెర్‌బ్లాంష్ ఎర్ర మాజ్దా.
పళ్ల డాక్టరు ఆవిడ. హెల్మెట్ తీసి
"ముల్లు మధ్యలోనే ఉంది, ఒట్టు" అంది, ఏడుపు ముఖంతో.
రేడియేటర్ మూత మీదికి చేయి పోబోతుంటే
ఓ ముసలి చేయి ఆ మణికట్టు పట్టుకుంది.
"ఇప్పుడొద్దు. లోపల నీళ్లు ఇంకా పగబట్టి ఉన్నాయి."

ముప్పై ఒక్క ఏళ్లు గనికి గాలి తోలినవాడు
మొట్లాట్సి రాలెబిట్సో.
మూడు కిలోమీటర్ల కింద, ముట్టుకుంటే కాలే రాళ్ల మధ్య
మనుషులు పనిచేయగలిగేంత చల్లదనం దింపడం అతని కొలువు.
పైన మంచు చేసి, నీళ్లలో కలిపి
గొట్టాల్లో పాతాళానికి వదిలేవాడు.
గని మూతపడ్డాక ఆ విద్య అడిగినవాడు లేడు,
ఈ కార్ల పిచ్చివాళ్లు తప్ప.

ముందు ముల్లుని తిట్టాడు.
"ఇదో మొహమాటం మనిషి. కొంప అంటుకున్నా
బానే ఉన్నాం, కూర్చోండి అంటుంది."
అంకెల్లో నిజం చెప్పే మీటరు పక్కన బిగించాడు.
బంపరు నోట్లో చేయి పెట్టి తడిమితే
రేడియేటర్ చుట్టూ అన్నీ సందులే.
గాలి సోమరిది. పక్కన తలుపు తీసుంటే
రేకుల మధ్య దూరి ఎందుకు కష్టపడుతుంది?
చిరిగిన పరుపులోంచి స్పాంజి కోసి సందులన్నీ కుక్కాడు.
ఆవిడ సంచిలోంచి కొత్త టూత్ బ్రష్షొకటి తీసుకుని
రేకుల్లో ఇరుక్కున్న మిడతల కాళ్లూ రబ్బరు తునకలూ తోముతుంటే
"పైనుంచి కిందికి తోమాలి" అంది,
ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వి.

తర్వాత అతని గొంతు తగ్గింది.
నాలుగు సిలిండర్లు. నీళ్లు ముందు వైపు వచ్చి
ముందు వైపే పోతాయి.
వెనక గోడకి ఆనుకున్న నాలుగోది
కాలువ శివారు పొలం.
దాని వంతు వచ్చేసరికి తడి కూడా మిగలదు.
"కిందా అంతే," అన్నాడు. "గొట్టం చివర నిలబడ్డవాళ్లకే…"
ఒక పేరేదో చెప్పబోయి
స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

రెండు వారాలు కారు అతని షెడ్డులోనే ఉంది.
నీళ్లకి వెనకనుంచి కొత్త దారి వేశాడు,
చివరి గది చూడకుండా బయటపడకూడదని.
కారు ముక్కు పైకెత్తి పెట్టి
బుడగ బుడగా తేలేదాకా గ్లాసు గ్లాసుగా పోశాడు,
పాలు పట్టి, త్రేన్పు కోసం
చంటిబిడ్డ వీపు నిమిరేవాడిలా.

శనివారం. ఎండ అదే. అతని పాఠం మాత్రం పొట్టిది:
"ముందు కారు తోక పట్టుకు పోకు, వాడి ఎంగిలి గాలి నీకెందుకు?
పక్కకి జరిగి నీ గాలి నువ్వు తాగు.
ఐదు రౌండ్లు. ఆరోది ఊరేగింపులా రా.
వచ్చాక గబుక్కున ఆపెయ్యకు,
పరిగెత్తినవాణ్ణి ఎవరైనా వెంటనే పడుకోబెడతారా?"

తొంభై ఆరు. నూట ఒకటి. నూట మూడు.
నూట మూడు.
నూట మూడు.

ఆవిడ దిగి గంతులేస్తోంది. అతనటు చూడలేదు.
బానెట్‌కి కోసిన చీలికల మీద అరచెయ్యి ఆనించి
వేడి గాలి వేళ్ల సందుల్లోంచి పోతుంటే
కాసేపు అలాగే ఉంచాడు.

"ఎంతివ్వాలి?" అడిగిందావిడ.
సమాధానంగా నోరు తెరిచి
వేలితో చూపించాడు, కింది దవడ, ఎడమ పక్క,
అన్నిటికంటే చివరిది.
"ఏళ్లయింది. అక్కడిదాకా ఎవరూ చూడలేదు.
చన్నీళ్లు తగిలితే చాలు, ప్రాణం పోతుంది."