బొమ్మను వెంటబెట్టుకుని

గ్రంథాలయం కింది గదిలో
ఆరువందల పన్నెండు బొమ్మలు
గోడకు ముఖం తిప్పుకుని నిలబడి పదకొండేళ్ళు.
తాళంచెవి నాది. తేమ కొలిచే యంత్రమూ నాదే.
పొద్దున్నే దిగి అంకె చూసి పుస్తకంలో రాస్తాను,
సాయంత్రం దిగి దాదాపు అదే అంకె మళ్ళీ రాస్తాను.

ఇవాళ కౌన్సిల్ మినీబస్సు
కొత్త మ్యూజియానికి చోటు చూడ్డానికి బయల్దేరింది.
తొమ్మిదిమంది సభ్యులు, ఇంజినీరు డ్రాగన్,
ఒక డబ్బా నిండా దోసకాయ శాండ్‌విచ్‌లు.
నేను మాత్రం ఒక పటాన్ని
ఉన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.
"ఏంటది, ఐడా?" అంది బెరిల్ హాథర్సాల్.
"కాపురం ఉండబోయేది ఇదే కదా,
ఇల్లు దీనికీ చూపిద్దామని."
వెనక సీట్లో ఎవరో నవ్వారు.

మొదట గుట్ట.
పైనుంచి గ్లెన్ హారో ఊరంతా
ఎవరో ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టుంది.
మోచేయిలా వంగిన నది, గోధుమ పొలాలు,
రైలు ఆగడం మానేసిన స్టేషను.
గాలి దుప్పటి కొంగు పట్టుకు లాగింది.
"ఇక్కడికి నీళ్ళు చచ్చినా రావు" అన్నాడు డ్రాగన్.
"బస్సూ రాదు" అన్నాను.
ఈ బొమ్మ వేసిన పోస్ట్‌మాన్ విల్ఫ్ పెన్‌హాలరిక్ భార్య
నెస్టాకి తొంభై ఒకటి.
గుట్టను కిటికీలోంచి చూస్తుంది, అంతే.

తర్వాత వెన్న ఫ్యాక్టరీ.
దాన్ని ప్రేమించనివాళ్ళు ఊళ్ళో లేరు.
ఎర్ర ఇటుక, విల్లు వంపు కిటికీలు,
నది మీది వెలుతురు లోపలికొచ్చి
కప్పు మీద ఈదుతూ ఉంటుంది.
వాళ్ళమ్మ ఇక్కడే వెన్నకు కాగితాలు చుట్టేదని
బెరిల్ గొంతు కాస్త తడయింది.
చేతులెత్తడమే తరువాయి.

అప్పుడు దుప్పటి విప్పాను.
విల్ఫ్ వేసిన వరద.
ఇదే ఫ్యాక్టరీ. ఇదే గోడ. ఇవే కిటికీలు,
కనుబొమల దాకా మునిగి.
తేలుతున్న చెక్కపెట్టెలు,
పొగగొట్టం నిచ్చెన మీద ఒక కుక్క.
డ్రాగన్ పటం చూసి, గోడ చూసి,
చేయి పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి,
అయినా ఆ గీత అందక దించేశాడు.
"గట్టు కట్టొచ్చు" అన్నారొకరు.
"మోటార్లు పెట్టొచ్చు" అన్నారింకొకరు.
నీరు పల్లమెరుగును,
తీర్మానాలెరగదు.
బెరిల్ ఏమీ అనలేదు. నావైపు చూడనూ లేదు.
ఆమెకు ఆ పూట నేను చేసింది
క్షమించరానిదని నాకు తెలుసు.

మూడోది సూపర్‌మార్కెట్ వెనక కార్ల పార్కింగు.
బస్సు దిగింది నేనూ డ్రాగనే.
తారు, పసుపు గీతలు, వేపుడు కోడి వాసన.
"కళకు చోటు ఇక్కడా!" కిటికీలోంచి ఒక నిట్టూర్పు.
డ్రాగన్ కొలతలు తీస్తుంటే
పటాన్ని ట్రాలీల కొట్టానికి ఆనించి
నడుం పట్టుకుని నిలబడ్డాను.

ముప్ఫై ట్రాలీలను రైలులా తోసుకొస్తున్న కుర్రాడు ఆగాడు.
చొక్కా మీద పేరు: టెవిటా.
వంగి చూశాడు. ఇంకా వంగాడు.
"ఇది మేం శనివారాలు చేపలు పట్టే చోటు కదూ?
నీళ్ళు ఇంతెత్తు వచ్చాయా?"
అద్దాన్ని తాకకుండా వేలితో గాలిలో గీస్తూ
తను కూర్చునే రాయి ఎక్కడుండాలో వెతికాడు.
పాలసంచితో ఒకామె ఆగింది.
ఆమె వెనక ఐస్‌క్రీమ్ కారుతున్న పిల్లాడు
కుక్క బతికిందా అని అడిగాడు.
నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
నెస్టాని అడగాలి.
బస్సు హారన్ కొట్టింది.

గురువారం ఓట్లు:
గుట్టకు నాలుగు, ఫ్యాక్టరీకి మూడు, పార్కింగుకు రెండు.
ఆ రెంటిలో ఒకటి బెరిల్‌ది.
సగం దాటిన చోటు లేదు గనుక
విషయం వచ్చే నెలకు వాయిదా.

కిందికి దిగాను.
తేమ యాభై నాలుగు, రాశాను.
ఆ పక్కన పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న గడిలో,
సందర్శకులు అని అచ్చువేసిన చోట,
ఇద్దరు అని రాసి,
ఐస్‌క్రీమ్ గుర్తొచ్చి,
కొట్టేసి, ముగ్గురు అని రాశాను.