రెండో ఫ్రిజ్, మూడో అర

హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది:
మీరు పంపిన గొట్టంలో ఉన్నది
మీరు రాసిన పేరుది కాదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా
దీని మీదే పిల్లలకి పాఠం చెప్పాం.
బాపట్ల అడిగితే ఇచ్చాం, ఒంగోలు అడిగితే ఇచ్చాం.
ఏలూరు నుంచి వచ్చినాయన
థర్మాస్ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని
బస్సులో తీసుకెళ్లాడు,
కుదుపు తగలకుండా, పురిటిబిడ్డని తీసుకెళ్లినట్టు.

రిజిస్టరు దించాను.
అట్ట మీద చెదలు తవ్విన కాలవలు.
మొదటి పేజీ, నీలం సిరా:
ఇ. కోలై, కె-12.
వందేళ్ల కిందట, సముద్రాలవతల,
డిఫ్తీరియా నుంచి తేరుకుంటున్న ఎవరి కడుపులోంచో
బయటికొచ్చిన పురుగు.
ఆ మనిషి పేరు మా రిజిస్టర్లో లేదు.
పురుగుకి మాత్రం ఇంటిపేరుంది, నంబరుంది,
ఎవరు ఎవరికి ఏ తారీఖున ఇచ్చారో ఉంది.
పూనా మద్రాసుకిచ్చింది,
మద్రాసు మాకిచ్చింది.

తీగ ఎర్రగా కాల్చి, చల్లార్చి,
కొత్త అగర్ మీద ఒక్క గీత. నెలకోసారి.
వెచ్చగా ఉంచితే ఇరవై నిమిషాలకో తరం.
నేను క్యాంటీన్లో టీ తాగొచ్చేలోపు
తాత చావడు,
చీలి మనవళ్లయిపోతాడు.

తొంభై ఏడు, మే నెల దగ్గర వేలు ఆగింది.
చేతిరాత అదే.
సిరా మారింది.

ఏసుదానం ఆటోక్లేవ్ మూత బిగిస్తున్నాడు.
వచ్చే నెల రిటైర్మెంటు.
కాగితం చూపించాను. చదవలేదు.
చదివినవాడిలాగే తలూపాడు.

"కొత్తపేట ట్రాన్స్‌ఫార్మరు పేలిందమ్మా.
నాలుగు రోజులు కరెంటు లేదు.
రిక్షాలో ఐసు దిమ్మ తెస్తే
ఇక్కడికొచ్చేసరికి తడిసిన గోనె మిగిలింది.
గొట్టాలన్నీ ఎండి, పగిలి, బూజు.
సోమవారం పరీక్ష, బయటి ఎగ్జామినరు.
నాదేమో టెంపరరీ ఉద్యోగం."

ఇంకో మర బిగించాడు.

"ఆరోగ్యమైన మనిషి కడుపులో కూడా అదే ఉంటదని
సారే కదా చెప్పేవారు."

ఆవిరి సన్నగా ఈల వేసింది.
ముందు నాకు కోపం రావాలి.
నవ్వొచ్చింది.
నవ్వు ఆగేసరికి
కోస్తాలో ఎంతమంది డాక్టర్లు
ఈయన కడుపు మీద చెయ్యి తిప్పుకున్నారో
లెక్కపెడుతూ నిలబడ్డాను.

జీతం చీటీల్లో ఆయన ఇంటిపేరు
మూడు రకాలుగా ఉంది.
ఒక్కటీ సరైంది కాదట.

"పారేస్తారా?" అన్నాడు.

కొత్త పేజీ తిప్పాను.
కొత్త పేరు, తారీఖు, నా సంతకం.
మూలం అన్న గడిలో
గుంటూరు అని రాశాను.

ఫ్రిజ్ తలుపు సరిగా పడదు, మోకాలితో నెట్టి
నా భుజం మీదుగా వంగి చూశాడు.
"గుంటూరంటే పెద్దదమ్మా,
సంగడిగుంట అని రాయండి."