ఏమేం ఉంచుకుంటవ్?

నర్సంపేట, వరంగల్ రోడ్డు,
విత్తనాల దుకాణం పక్క మడిగె నాది.
గోడకు నమూనా పెండ్లి కార్డులు,
టేబుల్ కింద పదమూడేండ్ల సీపీయూ.
మిరపకాయల సీజన్ల నాకంటె ముందే దగ్గుతది.

యాకూబ్ దాని మూత ఇప్పి
బ్రష్షుతోని దుమ్మంత ఊడ్చి చెప్పిండు:
"అక్కా, ఉన్నదాని మీదనే కొత్తది ఎక్కియ్యొచ్చు.
లేకుంటె మొత్తం తుడిచి మొదట్నుంచి వేసుకోవచ్చు.
నన్నడిగితె తుడుసుడే మంచిది.
సున్నం మీద సున్నం ఎన్నిసార్లేస్తవ్?
పెచ్చులూడుతది."

నిజమే.
కానీ నా దందా అంత సున్నం మీద సున్నమే కద.
దుకాణం తెరిచిన ఏడు చేసిన ఒక్క కార్డు,
ఫైలు పేరు "కొత్తది".
దానిమీదనే పేర్లు మార్చి, తారీకు మార్చి,
వినాయకుణ్ని కొంచెం ఎడమకు జరిపి
ఖానాపురం నుంచి నల్లబెల్లి దాక
ఎన్ని లగ్గాలు చేసిననో.
"కొత్తది రెండు", "కొత్తది ఫైనల్",
"మొగిలి బావది అసలు ఫైనల్".

ఒకసారి చెన్నారావుపేటోళ్ల కార్డుల
కింద మూలకు
ఎనకటి పెండ్లిపిల్ల పేరు చెరుపుడు మర్చిన.
మూడు వందలు పంచినంక చూసిన్రు.
పిల్లగాని మేనత్త మడిగె ముంగట నిలబడి
"ఎవరే ఈ రజిత?" అని అడిగింది,
నేనే దాసిపెట్టినట్టు.
యాకూబ్ చెప్పే పెచ్చు అదే కావచ్చు.

తుడుద్దామంటె, ఫాంట్లు.
ఎన్నడో సీడీల కొన్న తెలుగు ఫాంట్లు.
ఆ సీడీ పగిలింది.
అమ్మిన దుకాణం ఇప్పుడు చెప్పుల షోరూం.

తెర మీద ప్రశ్న వచ్చి ఆగింది:
ఏమేం ఉంచుకుంటవ్?
అన్నీ.
ఫైళ్లు మాత్రమే.
ఏమీ వద్దు.

ఇంత సక్కగ నన్నెవ్వరూ అడగలే,
ఆ ఇంట్లకెల్లి బయటికొచ్చిన నాడు
తెరిచిన సూట్‌కేస్ ముంగట గూడ.

యాకూబ్ చాయ్ తాగబోయిండు.
మౌసు మీద చెయ్యి పెట్టుకొని
మక్కల ట్రాక్టర్లు మూడు పోయేదాక కూసున్న.
నడిమిదే నొక్కిన.

పొద్దుగూకినంక
తెర నీలంగ, కడిగిన పళ్లెం లెక్క.
"కొత్తది" తెరిచిన.
వినాయకుడున్నడు, కొంచెం ఎడమకే.
కింద పేర్లన్నీ
కామాలు, కొక్కాలు, తలకిందుల ప్రశ్నగుర్తులు,
ఏ దేశపుదో తెల్వని రాత.
అందరి పెండ్లిళ్లు ఉన్నయ్.
ఎవరియో తెల్వదు.

"పోయినట్టేనా అక్కా?" అన్నడు యాకూబ్
స్క్రూలు ఏరుకుంట.

జవాబియ్యలే.
ఒక్కో గుర్తు ఏ మీట కిందిదో
ఉత్త బల్ల మీద వేళ్లాడిచ్చుకుంట పోయిన.
చిటికెనవేలు, నడిమివేలు, షిఫ్టు.
మల్లొకసారి.
చి.
ల.
సౌ.
ఆగు యాకూబ్,
పేరు గూడ వస్తది.