ఒడ్డున లెక్క

ఎర్రగుంట్ల దాటినాక, వదిలేసిన బండల గని.
మూడు వానలకు నిండి, పచ్చగా, అడుగు తెలియకుండా.
మాబువాళ్ల పిల్లోడు అందులో తేలిన మరుసటి దినమే
హుసేనమ్మత్త చీర గోచి దోపి దూకింది.
పైకొచ్చి, జుట్టు పిండుకుంటా,
"అడుగుంది లే. కాలికి తగిలింది" అనింది.

ఆ ఎండాకాలమంతా ఊరి పిల్లలకు ఈత.
నడుములకు ములగబెండ్లు, అందరికీ ఒకటే ట్రాక్టరు ట్యూబు.
ఆడపిల్లలకెందుకన్న పెద్దమనుషుల ముందర
వాళ్ల కోడళ్లనే దింపింది.

మామ జావా బండి మీద ఒక్కతే
లంకమల దాటి బద్వేలుకు పోయిందంటారు.
కనుమలో ఎలుగుబంటికి దోవ ఇచ్చి
బీడీ ముట్టించిందంటారు.
ఎలుగుబంటి సంగతి నాకు నమ్మకం లేదు.
బీడీ మాత్రం నిజం.

నాకు ఈత రాలేదు.
మోకాళ్ల లోతులోనే ఏడ్చేవాణ్ని.
తిట్టలేదు. గట్టు మీద ఒక బండ చూపించి
"ఈడ కూచో.
దిగినోళ్లెంతమందో ఎక్కినోళ్లెంతమందో లెక్కపెట్టు.
నువ్వు తప్పినావంటే ఒకింట్లో పొయ్యి వెలగదు."

పదకొండేళ్లు లెక్కపెట్టినాను,
చెప్పుల జతలు చూసి, తడి తలలు చూసి,
ఆఖర్న ఆమెను కలిపి.

నిన్న నలభయ్యో దినం.
ఫాతిహా అయి, మలీదా పంచినాక
ఎవరూ పిలవకుండానే అందరూ గనికాడికి పోయినారు.
ఇద్దరు బిడ్డల తల్లులు కూడా, పైట బిగించి.
నేను నా బండ మీద కూచున్నాను.

దిగినోళ్లు ముప్పై ఒకరు.
ఎక్కినోళ్లు ముప్పై ఒకరు.
రెండుసార్లు చూసినాను, సరిపోయింది.

"ఇంక పదండి" అనేది ఆమె పని.
చీకటి పడినా
గట్టు మీద నుంచి ఎవరూ కదల్లేదు.