సరిహద్దులు చెప్తున్నా, రాసుకోండి

సర్వేయరు గారూ, ఆ చెప్పులు చేత్తో పట్టుకోండి,
ఒండ్రు ఇంకా ఆరలేదు.
మున్నంగి రేవు నించి చూస్తే ఇది లంకలా ఉండదు,
ఏటి వీపు మీద లేచిన దద్దులా ఉంటది.
నేనొచ్చిన ఏడు ఆ మాత్రం కూడా లేదు.
రెల్లు, తుమ్మ, తుమ్మ కింద పాములు.
ఒక పార, రెండు కోళ్లు, గోనెలో విత్తనం పసుపు,
నాంచారయ్య పడవలో ఓ మూల నేను.
గట్టు మీద మగాళ్లు నవ్వారు,
"దీనమ్మ ఏటితో కాపరానికి పోతంది" అని.
పోయాను.

పెనిమిటి పేరా?
ఆ గడి ఖాళీ వదిలెయ్యండి.
ఇటుక బట్టీల అవతల ఎక్కడో
ఆయన పేరు ఆయన దగ్గరే ఉంది.

తూర్పున సువార్త అరటితోట అని రాయండి.
నా తర్వాత రెండో కార్తెకి వచ్చింది, నిండు కడుపుతో.
తుమ్మ మొద్దులు ఇద్దరం పెకలించాం.
నొప్పులొచ్చిన పొద్దున కూడా
చేతిలో ఉన్న మొద్దు ఊడొచ్చాకే పడుకుంది.
పిల్లకి లంకమ్మ అని పెడదామన్నాం,
పాస్టరు గారు ఒప్పుకోలేదు.

దక్షిణాన కంద.
కందకి లేని దురద ఊళ్లో అందరికీ ఉండేది,
రాత్రిపూట ఆ పడవ ఏ గుంజకి కట్టి ఉందా అని.
కట్టిన మాట నిజమే.
ఇది రాసుకోకండి, ఊరికే వినండి.

ఆ ఏడు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు.
మంచె మీద మేకపిల్లతో నేను రెండు రాత్రులు.
మూడో రాత్రి నీళ్లు నా మడమలు నాకుతుంటే
చీకట్లో దగ్గు వినపడింది.
ఆయన పిలవడు, దగ్గుతాడు.
"ఎక్కు" అన్నాడు.
"ముందు పసుపు" అన్నాను.
పడవ గిరగిరా తిరుగుతా ఉంది, గడకి అడుగు అందటం లేదు.
ఇంకో మగాడైతే తిట్టేవాడు, రెక్క పట్టుకుని లాగేవాడు.
ఆయన గోనె అందుకున్నాడు, తర్వాత మేకపిల్లని.
చివర్న నా వంక చూసి
కొంచెం పక్కకి జరిగాడు.
అంతే నండీ. ఆ జానెడు జాగా.
ఎవరు ఎవరికి ఇంతకంటే పట్టా రాసిస్తారు?

నీళ్లు తీశాక వచ్చి చూస్తే సగం లంక లేదు,
ఆ సగం ఇంకోచోట లేచి కూర్చుంది.
పదకొండు మందిమి ఆడాళ్లం తాడేసి కొలుచుకున్నాం.
తగువు పడ్డాం. ఒకరి జుట్టు ఒకరం పట్టుకున్నాం.
పొద్దుగూకాక ఒకటే పొయ్యి మీద నూకలు వండుకుని
ఎవరి జుట్టు వాళ్లం దువ్వుకున్నాం.

పడమర గొయ్యి.
ఇసుక లారీల గొయ్యి. లోతు మీరే కొలవండి,
మా తాడు చాలలేదు.
దాని ఎదురుగా ఎవరి పేరు రాస్తారో
నాకూ చూడాలనుంది.

ఇంక ఉత్తరం. అక్కడే చిక్కు.
ఉత్తరాన ఏరు, ఏటేటా మాట మారుసుద్ది.
రాళ్లు పాతాం, మింగింది.
మళ్లీ పాతాం, మళ్లీ మింగింది.
ఓనాడు ఆయన మునగ కొమ్మ ఒకటి తెచ్చి గుచ్చాడు.
"రాయైతే దిగబడుద్ది. కొమ్మైతే వేరు దిగుద్ది."
ఇరవై ఏళ్లలో నాతో ఆయనన్న పొడుగాటి మాట అదే.

ఇప్పుడు చెవులు వినపడవు.
అదుగో, పాక నీడలో వల అల్లుకుంటా ఉన్నాడు,
మన గురించే మాట్లాడుకుంటున్నారని తెలిసి తల ఎత్తట్లేదు.
మీ కాగితంలో ఆయనకి గడి లేదు, తెలుసు.
అడగను.
గొలుసు మాత్రం కాస్త పక్కనించి లాగండి అయ్యా,
మునగ పూత మీదుంది.