ఏడు బిరడాలు

యుద్ధం నుంచి తిరిగొచ్చిన లారీ
కోళ్లగూడై బతికింది.
తోటి బండ్లన్నీ కొలిమిలో కరిగి
బాణళ్లూ రైలుపట్టాలూ అయ్యాక
ఫిన్లాండ్ అడివంచు పొలంలో ఇది మాత్రం
గుడ్ల మీద కూర్చుంది.

మేం నలుగురం జాకీలతో, గొలుసులతో వెళ్లాం.
రెట్ట గీకితే ఆకుపచ్చ రంగు,
రంగు కింద తుప్పు.
తైస్తో ఇంజన్‌లో వేలు ముంచి
వాసన చూసి
"చావలేదు" అన్నాడు.

తలుపు నిండా తూటా కంతలు, ఏడు.
ఒక్కోదాంట్లో
కత్తితో చెక్కిన భూర్జ కర్ర బిరడా.
"ఇవి పీకేసి వెల్డింగ్ చేస్తే
కొత్తదానిలా ఉంటుంది" అన్నాను నేనే.

ఐలీ ముసలమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.
"తూటాలది ఒక్క పూట.
మా ఆయన బిరడాలది నలభై చలికాలాలు.
ఒక్క కోడి కూడా గడ్డకట్టలేదు."

వెల్డింగ్ గొట్టం చుట్టేశాం.

ఇప్పుడు మ్యూజియంలో, పలక మీద
మోడల్ ఉంది, ఏడాది ఉంది, పటాలం నంబరుంది.
బిరడాల ఊసు లేదు.
వాటికి నెలకోసారి అవిసె నూనె రాస్తాను.
ఇంజన్ తిప్పినప్పుడల్లా
ఎక్కణ్ణుంచో ఓ ఈక లేస్తుంది,
ఎంత ఊడ్చినా.